ఒంటి లైటు బండి

తన బండికి లైటు పోయిన సంగతి తోలేవాడికి అందరికంటే చివర్న తెలుస్తుంది. గిద్దలూరు బజార్లో వీధి దీపాలు, కొట్ల ముందు ట్యూబులైట్లు, ముందు పోయే ఆటోల సందడి. వీటన్నిట్లో మన బండి వెలుగు ఎంతో, ఊరి వెలుగు ఎంతో ఎవడు చూడొచ్చాడు? దిగువమెట్ట దాటి నంద్యాల రోడ్డు నల్లమలలోకి చొరబడ్డాక గానీ అసలు సంగతి బయటపడదు. అప్పుడైనా ముందు కనిపెట్టేది మనం కాదు, ఎదురొచ్చే లారీ డ్రైవరు. డిప్పర్ కొడతాడు. డిమ్ చేయమంటున్నాడు కాబోలనుకుని చేస్తాం. మళ్లీ కొడతాడు. దాటిపోతూ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఏదో అంటాడు. అందులో సగం తిట్టు, సగం హెచ్చరిక. ఏది ఎంతో విడదీసే తీరిక ఇద్దరికీ ఉండదు.

అతని కంగారులో న్యాయముంది. ఒక్క లైటుతో వచ్చే కారు దూరం నుంచి మోటారు సైకిల్లా కనిపిస్తుంది. మోటారు సైకిలుకి ఎంత చోటు వదలాలో అంతే వదులుతాడు. ఎడమ పక్కది పోతే కొంత నయం. కుడి పక్కది పోతే, రోడ్డు మధ్య వైపుండే సగం బండి చీకట్లో కలిసిపోయి, రోడ్డు అంచున ఎవరో బుల్లెట్ మీద వస్తున్నట్టు ఉంటుంది. ఘాట్ మలుపులో ఆ రెండడుగుల తేడా చాలు. తోలేవాడికి మాత్రం ఉన్న ఒక్క లైటుతోనే దారి బాగానే కనిపిస్తుంటుంది. 'కనిపిస్తోందిగా' అనుకుంటూ నంద్యాల చేరినవాళ్లు చాలామందే ఉన్నారు. చేరనివాళ్ల సంగతి పోలీసు కాగితాల్లో ఉంటుంది.

మా మేనల్లుడు టెక్సాస్‌లో పాత మాజ్డా మియాటా కొనుక్కున్నాడు. రెండు సీట్ల కారు, 1989లో మొదటిసారి వచ్చిన రకం. పగలు చూస్తే ముందు భాగం నున్నగా ఉంటుంది, లైట్లన్నవే కనపడవు. స్విచ్ వేస్తే రెండు మూతలు కనురెప్పల్లా పైకి లేచి వాటి కింద నుంచి లైట్లు వస్తాయి. 1997 వరకూ ఆ మోడల్ అలాగే వచ్చింది, తర్వాతి మోడల్లో తీసేశారు. మొన్న వీడియో కాల్‌లో చూపించాడు. మూతలు రెండూ ఠీవిగా లేచాయి, ఒకటే వెలిగింది.

"ఎన్నాళ్ల నుంచిరా?" అన్నాను.

"తెలీదు మామా. పగలు మూసుకునుంటాయి కదా."

ఆ మాట దగ్గర నా బుర్ర ఆగిపోయింది. మామూలు బండైతే పెట్రోలు బంకులోనో, టీ కొట్టు దగ్గరో అద్దం నల్లబడిందనో పగిలిందనో ఎవరో ఒకరు చూస్తారు. దీనికి ఆ అవకాశం లేదు. పైగా మూత లేపే మోటారు వేరు, లైటుకి కరెంటు వెళ్లే వైరు వేరు. లోపల బల్బు మాడిపోయినా మూత మాత్రం రోజూ హోదాగా లేస్తుంది. మనుషుల్లోనూ ఇలాంటి ఏర్పాటు ఉన్నవాళ్లు ఉంటారు. మూత లేవడం చూసి అంతా సవ్యంగా ఉందనుకుంటాం, వాళ్లూ అదే అనుకుంటారు.

ఈ మూతల ముచ్చట పాతదే. 1935లో అమెరికాలో కార్డ్ 810 అనే కారు లైట్లు దాచుకుని వచ్చింది. దానికి మోటారు లేదు, డ్రైవరే లోపల కూర్చుని చేత్తో మర తిప్పి లేపాలి. తర్వాత వీటికి గిరాకీ పెరగడానికి కారణం అందమొక్కటే కాదు. 1940 మోడళ్ల నుంచి అక్కడ ప్రతి కారుకీ ఒకే కొలత లైటు ఉండాలని నిబంధన పెట్టారు. ఏడంగుళాల గుండ్రటి లైటు, సీల్డ్ బీమ్. ఫిలమెంటు, వెనక అద్దం, ముందు గాజు అన్నీ కలిపి మూసేసిన ఒకే ముద్ద. పోతే బల్బు మార్చడమన్నది లేదు, మొత్తం లైటే మార్చాలి. దాన్ని నేలకి ఇంత ఎత్తుకి తక్కువ పెట్టకూడదు కూడా. కారు ముక్కు కిందికి వంచాలంటే ఆ లైటుని దాచుకుని, రాత్రి పైకి లేపడం ఒక దారి.

మా మేనల్లుడి బండిలోదీ ఆ ఏడంగుళాల గుండ్రటి లైటే. మా ఇంటి ముందు ఇంకా కదిలీ కదలకుండా ఉన్న అంబాసిడర్‌దీ అదే కొలత. వెనకటి జీపులదీ అంతే. మార్కాపురంలో ఆటో ఎలక్ట్రీషియన్ కొట్లో మేకుకి వేలాడే లైటు, టెక్సాస్‌లో మూత కింద దాక్కున్న లైటు ఒక తల్లి బిడ్డలన్న మాట. ఈ సంగతి చెబితే వాడు నమ్మలేదు. టేపు పెట్టి కొలిచి, నమ్మాడు.

పని పెద్దదేం కాదు. ముందు మూతలు లేపాలి. లేచాక వాటి ఫ్యూజు పీకెయ్యాలి, లేకపోతే ఎవరో బటన్ నొక్కినప్పుడు వేళ్లు లోపలుంటాయి. చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రం తీసి, లైటుని పట్టి ఉంచే రింగు మరలు విప్పాలి. ఇక్కడే జాగ్రత్త కావాలి. రింగు మరల పక్కనే ఇంకో రెండు మరలు ఉంటాయి, లైటు చూపుని పైకీ కిందికీ, పక్కలకీ తిప్పేవి. వాటిని ముట్టుకుంటే కొత్త లైటు చెట్ల కొమ్మలకో, పక్క చేలకో వెలుగిస్తుంది. మా అంబాసిడర్‌కైతే వెనక నుంచి హాలోజన్ బల్బు ఒక్కటే మారుస్తాం. మార్కాపురం కుర్రాడు కొత్త బల్బు ఇస్తూ ప్రతిసారీ అదే అంటాడు: "గాజుకి వేలు తగలనీయొద్దు సార్, గుడ్డతో పట్టుకోండి." వేలికున్న నూనె, చెమట ఉప్పు ఆ గాజుకి అంటితే, అది కాలినప్పుడు ఆ చోటే దెబ్బతిని తొందరగా పోతుంది.

వెలుగుతూ వెలుగుతూ పోయే బల్బు తక్కువ. ఎక్కువ భాగం స్విచ్ వేసిన క్షణంలోనే తెగుతాయి. చల్లగా ఉన్న టంగ్‌స్టన్ తీగ కరెంటుని పెద్దగా అడ్డుకోదు. వేడెక్కేలోపు మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు ఒక్కసారిగా లోపలికి దూకుతుంది. ఏళ్ల తరబడి ఆవిరై ఎక్కడో పల్చబడ్డ చోట పుటుక్కున తెగుతుంది. అంటే నిన్న రాత్రి వెలిగిందన్నది ఈ రాత్రికి హామీ కాదు. 'నిన్నటిదాకా బాగానే ఉండేదండీ' అని డ్రైవర్లంతా అనే మాట అబద్ధం కాదు, కానీ అక్కరకూ రాదు.

నల్లమల సంగతి కొంచెం చెప్పాలి. రాత్రిపూట చుక్కల దుప్పి రోడ్డు పక్కన నిలబడితే ముందు దాని ఒళ్లు కనిపించదు, రెండు కళ్లు మెరుస్తాయి. ఆ మెరుపు దాని సొంతం కాదు. దాని కంటి వెనక ఉన్న పొర మన లైటునే వెనక్కి తిప్పి పంపుతుంది. మన లైటు లేకపోతే ఆ కళ్లు కూడా చీకటే. చిరుతదీ అంతే, గొర్రెలదీ అంతే. గొర్రెల వెనక నడిచే కాపరికి మాత్రం ఆ పొర లేదు. భుజాన దుప్పటి, చేతిలో కర్రతో అతను కనపడాలంటే మన లైటు అతని మీద పడాలి, అతని కళ్లలో పడకూడదు. ఈ రెంటి మధ్య ఉన్న సన్నటి జాగాలోనే రాత్రి డ్రైవింగు మర్యాద అంతా ఉందని నాకనిపిస్తుంది.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఈ మనిషి ఉన్నాడు. లైటుకి 8 మీటర్ల దూరంలో, నేలకి 1.5 మీటర్ల ఎత్తులో కళ్లున్న మనిషికి కళ్లు చెదరకుండా ఆ వెలుగు కిందికి వంగి ఉండాలి, లేదా డ్రైవరు వంచగలిగేట్టు ఉండాలి అని రాశారు. పేరు లేదు, ఊరు లేదు, కళ్ల ఎత్తు మాత్రం ఉంది. చట్టంలో ఇంత మమకారంగా ఊహించిన మనిషి ఇంకొకడున్నాడో లేదో. వెనకటి రోజుల్లో ఇతని కోసమే లైటు పై సగానికి నల్ల రంగు పూసేవాళ్లు. ఇప్పుడు పూత పోయింది. హాలోజన్ కోసం చేసిన డొప్పలో తెల్లటి ఎల్ఈడీ బల్బులు దూర్చి, వెలుగు ఎటు పోతుందో చూడకుండా తిరుగుతున్నారు. కంభం రోడ్డు మీద అలాంటి బండి ఎదురైతే కాసేపు నాకు రోడ్డుండదు. వాళ్లకి మాత్రం రోడ్డు పట్టపగల్లా ఉంటుంది.

లేచే లైట్ల కథ ముగియడంలోనూ ఈ బయటి మనిషికి వాటా ఉంది. నడిచేవాడికి కారు తగిలితే గాయం ఎంతవుతుందని నిబంధనలు అడగడం మొదలయ్యాక, పైకి పొడుచుకొచ్చే ఆ పెట్టెలకి కష్టకాలం వచ్చింది. 2004తో లోటస్ ఎస్ప్రీ, ఐదో తరం కార్వెట్ ఆగిపోయాయి. అంతటితో ఆ రకం పెద్ద ఎత్తున చేయడం అయిపోయింది.

మా వాడు లైటు బిగించాడు. రెండూ వెలిగాయి. చూపు సరిచూసుకోవడానికి చదునైన చోట బండిని గోడకి ఎదురుగా పెట్టి చాక్‌పీసుతో గీతలు గీసుకోమన్నాను. పలకల ఊరు మార్కాపురం వాణ్ణి, ఆ మాత్రం సలహా ఇవ్వగలను. వాళ్ల వీధిలో గోడల్లేవట. ఎదురింటి గ్యారేజీ తలుపు తెల్లగా ఉంది, దాని మీద వేసి చూస్తానన్నాడు. ముందు ఆ ఇంటివాళ్లకి చెప్పి వెయ్యరా అన్నాను.