డ్రమ్ములో ఏమున్నది?

పెనుమూడివంటి కృష్ణ యొడ్డు పల్లెలలో తాటాకు ఇల్లు అంటుకొన్నదనగానే ఊరంతయు బిందెలతో పరుగెత్తును. ఇంటివాని కులమేది, నిన్నటి తగవేది అని ఎవరును అడుగరు. ఇది మంచి వాడుక. అయితే అదే పరుగు రసాయనముల మంటయొద్ద మేలగునా?

2023 నవంబరు 13న హైదరాబాదు నాంపల్లిలోని బజార్‌ఘాట్‌లో ఒక నివాస భవనము అంటుకొనెను. క్రింది అంతస్తులో రసాయనముల డ్రమ్ములు నిలువచేసియుండిరి. పైన కుటుంబములు కాపురముండెను. అగ్నిమాపక సిబ్బంది నిచ్చెనలు వేసి కొందరిని దింపిరి. అయినను కనీసము 9 మంది చనిపోయిరి.

ఇట్టి మంటలకు నీళ్లు అన్నివేళల పనికిరావు. నీటికన్న తేలికయైన ద్రవములు నీటిమీద తేలి, మండుచునే ప్రక్కయింటికి పారును. వాటిమీద నురుగు చల్లవలెను. కొన్నిటి ఆవిరి గాలికన్న బరువై నేలనంటి ప్రాకును. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్టణమున ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారమునుండి వెడలిన స్టైరీను అట్టిదే. నిద్రలేచి పరుగెత్తినవారు దారిలోనే కూలిరి, 12 మంది మరణించిరి. కనుక గాలి వచ్చు వైపున దూరముగా నిలుచుట, జనమును వెనుకకు పంపుట పిరికితనము కాదు. లోపలినుండి కేక వినబడుచుండగా కాళ్లు ఆగుట కష్టమే. ఆగక లోనికి పోయినవానిని మేము తప్పుపట్టజాలము.

మేము తప్పుపట్టువాడు వేరొకడు. డ్రమ్ములో ఏమున్నదో దాచినవాడు. ఆర్పవచ్చినవాడు మొదట అడుగునది ఆ ప్రశ్నయే. జవాబు లేనియెడల అతడు చీకటిలో చేయి పెట్టుచున్నాడు. ఖర్చు తగ్గునని ఇండ్లక్రింద ఇట్టి సరకు దాచువాడు తన సొమ్ము మిగుల్చుకొని, ఇతరుల ధైర్యమును వారినడుగకయే ఖర్చుపెట్టుచున్నాడు. కంపలనుండి పొరుగు చేనికి ప్రాకిన మంటకు అంటించినవాడే నష్టము చెల్లింపవలెనని నిర్గమకాండము 22:6 తీర్చుచున్నది. ద్వితీయోపదేశకాండము 22:8 ఇంకను ముందుకు పోయి, ఎవడును పడకముందే మిద్దెకు పిట్టగోడ ఉండవలెననుచున్నది. డ్రమ్ముమీది చీటీ అట్టి పిట్టగోడ కాదా? “అద్దెకిచ్చితిని, లోపల ఏమున్నదో ఎరుగను” అను ఇంటి యజమాని మాటయు మాకు చాలదు. తెలిసికొనుట అతని పని.

ఇది పట్టణముల సంగతి మాత్రమే కాదు. పెనుమూడి–పులిగడ్డ వంతెన జాతీయ రహదారిమీదిది. లారీలతోపాటు ట్యాంకర్లును దానిమీద పోవును. ప్రమాదకరమైన సరకు మోయు బండిమీద ఆ సరకు పేరు, దాని సంఖ్య, ఆపదలో పిలువవలసిన ఫోను నంబరు కనబడవలెనని చట్టమున్నది. బండి బోల్తాపడినప్పుడు ఆ సంఖ్యను దూరమునుండియే చదివి 101కి చెప్పవచ్చును. ఆ పలక మట్టికొట్టుకొని అక్షరములు కనబడకున్నయెడల, టీ కొట్టుయొద్ద ఆగిన డ్రైవరుతో “అయ్యా, కాస్త తుడువుము” అని మనలో ఎందరు చెప్పుదురు?