నిండియు కురియని మబ్బు

కంబదూరు సీమలో ఆకాశమును చూచుట భక్తికంటె ముందు అవసరము. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానయైనను నమ్మకముగా పడని ఈ మెట్టనేలపై వేరుసెనగ విత్తిన రైతు, పడమటి మబ్బును చూచినంత ఆర్తితో మల్లికార్జునాలయ శిఖరమును సైతము చూడడేమో! మబ్బు వచ్చును, నల్లబడును. గాలి దానిని తూర్పునకు తోలును. రాత్రికి చుక్కలు మిగులును.

ఆషాఢమాసపు తొలిజామున ఆ పడమటి దిక్కుననే, కన్యారాశిలో, ఉత్తరఫల్గునికి తూర్పుగా, వట్టికంటికి అగపడని యొక వెలుగు కలదు. చిన్న దూరదర్శినిలో అది పొగమరకవలె తోచును. 1781లో ఫ్రెంచి ఖగోళజ్ఞుడు మెస్సియే దానిని తన పట్టికలో 87వదిగా చేర్చెను. మన పాలపుంతవంటి గెలాక్సీలు వేయికి పైగా గుమిగూడిన చోట నడుమనున్న మహా గెలాక్సీ యిది. ఆకారము అండమువంటిది, మనవారు బ్రహ్మాండమన్నది దీనిని కాదులెండి. దాని వెలుగు మనలను చేరుటకు సుమారు 5 కోట్ల 40 లక్షల ఏండ్లు పట్టును.

అందలి తారలు చాలవరకు ముదిమినందినవి. క్రొత్త తారల పుట్టుక దాదాపు ఆగిపోయినది. వాయువు కొరవడియా? కాదు. చుట్టును అపారమైన వాయువు కలదు. కాని అది కోటి డిగ్రీలకు మించిన వేడిలో నున్నది. వాయువు చల్లబడి ముద్దకట్టిననేగాని తార జనింపదు. నడుమనున్న కృష్ణబిలము 650 కోట్ల సూర్యుల బరువు గలది. 2019 ఏప్రిల్ 10న లోకము తొలిసారిగా చూచిన కృష్ణబిల చిత్రము దానిదే. దాని చెంతనుండి వెలువడు జ్వాలాధార ఆ వాయువును చల్లారనీయక కాచుచున్నదని శాస్త్రజ్ఞుల యభిప్రాయము.

కలిగియుండియు ఈయలేకుండుట దోషమా? మబ్బునకుగాని గెలాక్సీకిగాని దోషమంటగట్టరాదు. వానికి చిత్తము లేదు. మనుజుని మాటయో? గాదె నిండియుండియు కరవునాడు తలుపు తీయనివానిని లోభి యందుము. ఆ మాట నాకు చాలినట్లు తోచదు. అతడు ఈయరాదని ప్రతినపట్టినవాడు కాడు. రేపేమగునో యను భయము వానిలోపల ఆరని పొయ్యి. ఎంత చేరినను ఆ వేడికి దానము రూపుకట్టదు. ఈ నేలపై ఆ భయము అకారణమును కాదు. వరుసకరవులు చూచినవాడు గింజ దాచుట పాపమని నేననజాలను. కాని విత్తనమునకు దాచినదెంత, భయమునకు దాచినదెంత యని తన గాదె యెదుట నిలిచి అడిగికొనుట అతని చేతిలోనిదే.

మా అవ్వ విత్తనపు కొర్రలను మూటగట్టి దూలమునకు వ్రేలాడగట్టి, మిగిలినవానినుండి పొరుగింటికి చేటెడు పంపెడిది. ఆ మూటను మాత్రము ఎవరడిగినను విప్పెడిది కాదు.