ఊడ్చిన ఇల్లు ఖాళీగా ఉండరాదు



మనం తరచు విని కూడా అంతగా తలపోయని ఉపమానం ఒకటి మత్తయి సువిశేషం 12వ అధ్యాయంలో ఉంది. లూకాగారు కూడా దానిని చెప్పారు. ఒక మనిషిని వదలి వెళ్ళిన దుష్టాత్మ ఎక్కడా నిలువనీడ దొరకక, తిరిగి తిరిగి పాత ఇంటికే వచ్చి చూస్తుంది. ఇల్లు శుభ్రంగా ఊడ్చి, సర్ది ఉంది. కాని లోపల ఎవరూ లేరు. అప్పుడది తనకంటె చెడ్డవాటిని మరి ఏడింటిని వెంటబెట్టుకొని వచ్చి కాపురం పెడుతుంది. ఆ మనిషి మునుపటికంటె దుర్దశలో పడతాడు.

ఈ వారం ఈ ఉపమానాన్ని మన శరీరపు బరువుకు అన్వయించి చూద్దాం. "ఫాదర్ గారు డాక్టరు గారి పని మీద పడ్డారేమిటి?" అని మీరు నవ్వవచ్చు. అయితే ఒక మాట ముందే చెప్పుకోవాలి. లావుగా ఉండడం దయ్యమూ కాదు, పాపమూ కాదు. థైరాయిడ్ లోపం వల్ల, కొన్ని రకాల మందుల వల్ల, కాన్పుల తరువాత, వంశపారంపర్యంగా కూడా బరువు పెరుగుతుంది. ఎవరి ఒంటిని చూసి వారి ఆత్మను అంచనా వేసే అధికారం మనకు లేదు. ఇక్కడ నేను చెప్పబోయేది అలవాటును గురించి. అలవాటు ఆత్మకు, శరీరానికి ఉమ్మడి ఆస్తి. శరీరం పవిత్రాత్మకు ఆలయమని పౌలుగారు కొరింతీయులకు వ్రాసిన తరువాత, ఆ ఆలయం సంగతి గురువుకు పట్టనిది ఎలా అవుతుంది?

ముందు మన ఇల్లు ఎలా నిండిందో చూద్దాం. కృష్ణ మీద 1855లో ఆనకట్ట పూర్తయింది. ఆ నీరు కాలువల వెంట తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాలకు పారింది. జొన్న, కొర్ర, వరిగ తిన్న నేలలో వరి రాజ్యమేలింది. 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. 1986లో మన బాపట్ల వ్యవసాయ పరిశోధనా క్షేత్రం నుండే బి.పి.టి. 5204 అనే సాంబ మసూరి బయటికి వచ్చి దేశమంతా పేరు తెచ్చుకుంది. ఇదంతా దేవుని దీవెనే. ఆకలి చావులు ఎరిగిన మన పెద్దలు ఆ తెల్లని అన్నాన్ని కళ్ళకద్దుకొని తిన్నారు.

అయితే ఆ పెద్దలు తెల్లవారుజామున లేచి పొలానికి నడిచారు. అరక దున్నారు, నారు మోశారు, కుప్ప నూర్చారు. ఇంట్లో ఆడవారు దంచారు, రుబ్బారు, నీళ్ళు మోశారు. నేడు వరికోత యంత్రం పొలంలోకి వచ్చింది. రోలు పోయి మిక్సీ వచ్చింది. వీధి చివరి కొట్టుకు కూడా బండి తీస్తున్నాం. పని మాత్రమే మనవడిది, పళ్ళెం ఇంకా తాతదే! తాత పళ్ళెం మీద సాయంత్రానికి మిరపకాయ బజ్జీ, ఆదివారానికి బిరియాని, తెనాలి బెల్లం జిలేబి అదనం.

ఫలితం లెక్కలలో కనబడుతోంది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశం మొత్తం మీద స్త్రీలలో నూటికి 24 మంది అధిక బరువుతో ఉంటే మన రాష్ట్రంలో 36 మంది ఉన్నారు. పురుషులలో దేశంలో 23 మంది అయితే మన దగ్గర 31 మంది. భారత వైద్య పరిశోధనా మండలి వారి అధ్యయనం 2023లో వెలువడింది. దేశంలో 10 కోట్ల మందికి పైగా చక్కెర వ్యాధి ఉన్నదని అందులో తేలింది. మనవారికి చేతులు, కాళ్ళు సన్నగా ఉన్నా కొవ్వు పొట్టలోనే చేరుతుంది. అందుకే మగవారికి నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే జాగ్రత్తపడమని వైద్యులు చెబుతారు. టైలరు దగ్గర ఉండే టేపు చాలు ఈ పరీక్షకు.

ఇక ఇల్లు ఊడ్చే సంగతి. ఊడ్చడం మనకు తెలియనిది కాదు. 2017-18 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి ఆహార విధానం మన ఊళ్ళన్నిటిలో మారుమోగింది. అన్నం పూర్తిగా మానడం, కొబ్బరినూనె, మూడు నిమ్మకాయలు, రోజుకు నాలుగు లీటర్ల నీరు. దాని మంచిచెడ్డల మీద వైద్యులు వాదించుకున్నారు. ఆ తీర్పు నాది కాదు. బరువు తగ్గినవారు ఉన్నారు. నా ప్రశ్న వేరు: అన్నం మానిన రోజులు అయిపోయాక ఇంట్లో ఎవరు కాపురం ఉన్నారు? ఇప్పుడు వారానికొకసారి పొడిపించుకునే కొత్త ఇంజెక్షన్లు కూడా వచ్చాయి. అవసరమైనవారికి డాక్టరు గారు వ్రాస్తే వాడుకోవచ్చు, తప్పు లేదు. కాని ఆ మందు ఆపివేసిన వారిని పరిశీలిస్తే, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు ఏడాదిలోనే తిరిగి వచ్చిందని 2022లో ప్రకటించారు. మన తపస్సుకాలం కూడా అంతే కదా. విభూతి బుధవారం నుండి నలభై రోజులు మాంసం మానినవారు పాస్కా పండుగ మధ్యాహ్నానికి బాకీ అంతా వడ్డీతో సహా తీర్చేస్తారు!

ఇలా తిరిగి పెరిగినవారిని "నోరు కట్టుకోలేదు" అని ఎగతాళి చేయకండి. 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు పది వారాలపాటు కొద్దిపాటి ఆహారంతో బరువు తగ్గినవారిని మళ్ళీ ఏడాది తరువాత పరీక్షించారు. ఆకలి పుట్టించే రసాయనాలు అప్పటికీ హెచ్చుగానే ఉన్నాయి, కడుపు నిండిందని చెప్పేవి తక్కువగానే ఉన్నాయి. అంటే కొవ్వు పోయినా శరీరం దానిని మరచిపోదు, తిరిగి రమ్మని పిలుస్తూనే ఉంటుంది. ఇది సోమరితనం కాదు, శరీర ధర్మం. అందుచేత పోరాటం తగ్గిన రోజుతో ముగియదు. అసలు పోరాటం ఆ రోజునే మొదలవుతుంది.

ఇక్కడ పునీత తోమాసు అక్వినాసుగారు మనకు సహాయపడతారు. అరిస్టాటిల్‌ను అనుసరించి ఆయన రెండు విషయాలను వేరుచేసి చూపారు. ఒకటి నిగ్రహం, రెండవది మితత్వం. నిగ్రహం ఉన్నవాని లోపల కోరిక రగులుతూనే ఉంటుంది. వాడు పళ్ళు బిగించి దానిని ఆపుకుంటాడు. మితత్వం ఉన్నవానిలో ఆ కోరికే దారికి వచ్చింది. చాలినంత తినడం వానికి శిక్షగా ఉండదు, సుఖంగా ఉంటుంది. బరువు తగ్గడానికి నిగ్రహం చాలు. తగ్గిన బరువు నిలవడానికి మితత్వం కావాలి. మితత్వం ఒక్క రోజున దిగిరాదు. వీణ వాయించి వాయించి వైణికుడైనట్లు, మితంగా తిని తినే మితవంతుడు కావాలి. చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేయగా రెండవ స్వభావంగా స్థిరపడే దానినే తోమాసుగారు 'హాబితుస్' అన్నారు. అదే ఖాళీ ఇంటికి వచ్చే కొత్త కాపురం.

పునీత గ్రెగోరీ పోపుగారు భోజనప్రియత్వం ఐదు దారులలో వస్తుందన్నారు: వేళగాని వేళ తినడం, ఖరీదైనవే కోరడం, రుచులకై మరీ వెంపరలాడడం, అతిగా తినడం, ఆత్రంగా తినడం. 1400 సంవత్సరాల క్రిందటి ఈ లెక్కలో 'ఎంత' అన్నది ఒకటి మాత్రమే! మిగిలిన నాలుగూ 'ఎప్పుడు, ఏది, ఎలా' అన్నవే. రాత్రి పదకొండు గంటలకు టీవీ ముందు చేగోడీల డబ్బా తెరిచేవారు ఈ ఐదింటితో ఆత్మశోధన చేసుకొనవచ్చు.

కొత్త కాపురాన్ని ఎలా పెట్టాలి? కొన్ని మాటలు.

మొదటిది, నడక. వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ఐదు రోజులు, రోజుకు అరగంట. నిజం చెప్పాలంటే అరగంట నడకతో కరిగేది కొద్దిపాటి అన్నపు శక్తే. నడిచి వచ్చి జిలేబి తింటే లెక్క తలక్రిందులవుతుంది. బరువు తగ్గించేది ముఖ్యంగా పళ్ళెం, తగ్గినదానిని కాపాడేది ముఖ్యంగా నడక. అమెరికాలో బరువు తగ్గి నిలబెట్టుకున్న వేలమంది వివరాలను 1994 నుండి సేకరిస్తున్నారు. వారిలో చాలామంది రోజుకు సుమారు గంటసేపు శ్రమ చేస్తారు, క్రమం తప్పక బరువు చూసుకుంటారు, పండుగనాడూ మామూలునాడూ ఒకే తీరున తింటారు. తెనాలివారికి కాలువగట్లున్నాయి. బాపట్లవారికి సూర్యలంక దారి ఉంది. రేపల్లెవారికి పెనుమూడి వైపు కృష్ణమ్మ గాలి ఉంది. చేతిలో జపమాల ఉంటే ఐదు దేవరహస్యాలు రెండు మార్లు చెప్పేసరికి అరగంట గడుస్తుంది. ఫిబ్రవరిలో గుణదల మాత పండుగకు కాలినడకన వెళ్ళే భక్తి మనకుంది. ఆ భక్తి ఆదివారం పూజకు నడిచి రావడానికి చాలదా?

రెండవది, పళ్ళెం. సగం కూరలు, పండ్లు ఉండాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సూచన. అన్నం మానమనడం లేదు, కూర పెంచి అన్నం తగ్గించమంటున్నాను. పప్పు, గుడ్డు, నిజాంపట్నం చేప ఉండనివ్వండి. వేపుడు తగ్గించండి.

మూడవది, వడ్డించే చేయి. అమ్మలారా, అత్తలారా, "ఇంకొక్క ముద్ద" అనడంలో మీ ప్రేమ ఉంది. కాని చక్కెర వ్యాధి ఉన్న కొడుకుకు, మోకాళ్ళ నొప్పుల వియ్యపురాలికి ఆ ముద్ద ప్రేమ కాదు. ఒక్కరికి వేరే వంట పెట్టి మిగిలినవారు వేపుళ్ళు తింటే ఆ ఒక్కరు నిలవలేరు. ఇల్లంతా మారాలి.

నాలుగవది, పడినప్పుడు లేవడం. రెండు కిలోలు తిరిగి వచ్చిన రోజే మళ్ళీ నడక మొదలుపెట్టండి. పది కిలోలు అయ్యేదాకా సిగ్గుతో దాక్కోకండి. పాపసంకీర్తనానికి "మళ్ళీ అదే పాపం, ఫాదర్" అని వచ్చినవానిని తిరుసభ తరిమివేయదు. మీ శరీరం పట్ల మీరు అంతకంటె కఠినులు కానక్కరలేదు.

చక్కెరకు, రక్తపోటుకు మందులు వాడేవారు, గర్భిణులు డాక్టరు గారిని అడగకుండా ఉపవాసాలు, కొత్త పథ్యాలు మొదలుపెట్టవద్దు. తిరుసభ ఉపవాస నియమం కూడా 18 ఏళ్ళు నిండినవారి నుండి 60వ ఏట అడుగుపెట్టే వరకే. రోగులకు అది వర్తించదు.

చివరిగా ఒక్క మాట. మన పళ్ళెంలో ఎక్కువైన ఈ డెల్టాలోనే, రక్తం చాలక నీరసించిన తల్లులు, కూలి దొరకని నాడు పస్తుండే ఇళ్ళు ఉన్నాయి. ఉపవాసంలో మిగిలినది పేదవానికి చేరాలన్నది తిరుసభలో తొలినాటి నుండి ఉన్న బోధ. మీరు మానిన జిలేబి డబ్బుతో వారానికొక డజను గుడ్లు అలాంటి ఇంటికి పంపండి. అప్పుడు మీ ఇల్లు ఖాళీగా ఉండదు. ఒక పేదవాడు లోపలికి వస్తాడు, ఆయనతోపాటు ప్రభువు కూడా వస్తారు. ఆ ఇద్దరూ కాపురమున్న ఇంటికి పాతవాడు తిరిగి వచ్చినా, గుమ్మం దగ్గరే ఆగిపోతాడు.

ప్రభువు మీ భోజనాన్ని, మీ నడకను ఆశీర్వదించును గాక!