వెండి ఎక్కడిదని అడుగు, బిడ్డా

బిడ్డా, కరీంనగర్‌లో నగల షాపు పెడుతున్నావని తెలిసి మనసు నిండింది. మన వెండి తీగల ఫిలిగ్రీ పనిని పాన్‌దాన్లు, అత్తరుదాన్లు, సన్మాన సభల్లో ఇచ్చే పళ్లేల దగ్గరే ఆగిపోనీయకుండా, ఈ కాలపు పిల్లలు పెట్టుకునే కమ్మలుగా, గొలుసులుగా, చేతిగడియారాల పట్టీలుగా చేయిస్తానన్న ఆలోచన నాకు బాగా నచ్చింది. బోర్డు మీద మాత్రం 'బాధ్యతగా తెచ్చిన వెండి, బంగారం, రాళ్లు' అని రాయిస్తున్నావట. రాయవద్దని నేననను. రేపు ఒకరు వచ్చి ఎట్లా అని అడిగితే చూపడానికి నీ దగ్గర కాగితం ఉండాలంటాను.

తవ్వకం అంటే ఏమిటో మన దిక్కు వాళ్లకు ఎవరూ చెప్పనక్కర లేదు. గోదావరిఖని, మంచిర్యాల చుట్టూ ఓపెన్‌కాస్ట్ గనులను చూస్తూ బతికినవాళ్లం. ఊళ్లు లేచిపోవడం, బ్లాస్టింగ్‌లకు గోడలు నెర్రెలు బారడం, పొలాల పక్కన మట్టిగుట్టలు లేవడం మనకు కొత్త కాదు. కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ కోసం గుట్టలు ఎట్లా మాయమయ్యాయో కూడా చూశాం. మన 'టాన్ బ్రౌన్' రాయిని ఏ దేశంలోనో వంటింటి గట్టు మీద పరుచుకున్నవాళ్లకు మన గుట్ట కనబడదు. నగ కొనేటప్పుడు అట్లా చూడకుండా కొనేవాళ్లం మనమే. ఇంత తవ్విన నేల మీద పుట్టిన పిల్లవు, ఆ ప్రశ్న నీకు రాకపోతే ఇంకెవరికి వస్తుంది?

ముందు వెండి సంగతి చూడు. ఎలగందులలో మొదలైందని చెప్పుకునే మన తీగపనికి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు పనికీ ఊరికీ వచ్చింది, వెండికి రాలేదు. ఔసలి వెండిని మూసలో కరిగించి, కమ్మచ్చులోంచి లాగి లాగి వెంట్రుకంత తీగ తీసి, రెండు పోగులు మెలివేసి, అదిమి, చట్రంలో పూలూ ఆకులూ నింపి టంకం పెడతాడు. అంత పని మన వీధిలోనే జరిగినా ఆ వెండి పుట్టింది వేరే చోట. మన దేశపు గనుల్లో తీసే వెండి దాదాపు అంతా రాజస్థాన్‌లో సీసం, జింకు ఖనిజాలతో కలిసి వచ్చేదే. తక్కినది విదేశాల నుంచి దిగుతుంది. అంటే నువ్వు అమ్మే కమ్మల వెనక ఎక్కడో ఒక గని ఉంది, ఆ దుమ్ము పీల్చేవాళ్లున్నారు, ఆ నీళ్లు తాగే ఊళ్లున్నాయి.

ఆ గని దాకా నువ్వు పోలేవు. నీకు వెండి అమ్మే హోల్‌సేల్ వ్యాపారి దగ్గరికి పోగలవు. సంబంధం చూడబోయినప్పుడు ఊరూ ఇంటిపేరూ అడిగినట్టు అడుగు: ఈ కడ్డీ ఏ రిఫైనరీది? దాని మీద నంబరేది? బిల్లులో ఎందుకు రాయలేదు? మొదటిసారి అడిగితే విననట్టు ఊరుకుంటాడు. మానకు. నీలాంటివాళ్లు ఇంకో నలుగురు అడిగినరోజు ఆయన తన పైవాణ్ణి అడగక తప్పదు.

బంగారం ఇంకా చిక్కైనది. కోలార్ గనులు 2001లో మూతపడ్డాయి. సయనైడ్‌తో బంగారం లాగేసిన మట్టి మాత్రం గుట్టలుగా ఆ ఊరిని పట్టుకుని ఇప్పటికీ ఉంది. ఇప్పుడు దేశంలో పెద్ద బంగారు గని రాయచూరు జిల్లా హట్టిది. అక్కడ ఏడాదికి వచ్చేది రెండు టన్నుల లోపు. మనం ఏటా దిగుమతి చేసుకునేది వందల టన్నులు. ప్రపంచంలో చిన్నచిన్న గుంతల్లో చేత్తో బంగారం తీసి బతికేవాళ్లు సుమారు కోటిన్నర మంది ఉంటారని అంచనా. వాళ్లలో చాలామంది ముడిమట్టిలో పాదరసం కలిపి, ఆ ముద్దను మంట మీద కాల్చి బంగారం తీస్తారు. ఆ ఆవిరి ముందు వాళ్ల పిల్లల ఊపిరిలోకే పోతుంది. పాదరసం వాడకాన్ని అదుపు చేయాలని 2013లో మినమాటా ఒప్పందం కుదిరింది. 2017లో అమల్లోకి వచ్చింది, మన దేశమూ 2018లో చేరింది. అయినా ఆ మంటలు ఆరలేదు.

ఇది మనకు దూరపు సంగతి అనుకోకు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పిల్లలు ఏళ్ల తరబడి గల్ఫ్ ఎండలో కష్టపడి, వచ్చేటప్పుడు దుబాయ్ దేరా బజారులో చెల్లె పెండ్లికని ఓ గొలుసు కొనుక్కొస్తారు. వాళ్ల కష్టం ముందు నేను తలవంచుతాను, ఆ గొలుసును తప్పుపట్టను. కానీ ఆఫ్రికాలోని చిన్న గనుల బంగారం పెద్ద ఎత్తున చేరే ఊరు కూడా ఆ దుబాయే. సూడాన్‌లో 2023 ఏప్రిల్‌లో మొదలైన యుద్ధంలో కొట్లాడుతున్న రెండు పక్షాలకూ బంగారం పెద్ద రాబడి. అందులో చాలా భాగం ఎమిరేట్స్‌కే పోతుంది. ఒక్కసారి కరిగించాక ఏ ముక్క ఎక్కడిదో ఎవరూ చెప్పలేరు. అందుకని నీ గల్లా దగ్గరికి బిల్లు లేని బిస్కెట్ ఎవరు తెచ్చినా, ఎంత తక్కువకు ఇస్తానన్నా, అయినవాళ్లే తెచ్చినా, తిప్పి పంపు.

హాల్‌మార్క్ ఉంది కదా అంటావు. 2021 జూన్ 16 నుంచి మన దగ్గర బంగారు నగలకు విడతలవారీగా హాల్‌మార్క్ తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు గుర్తుల హెచ్‌యూఐడీ అనే గుర్తింపు సంఖ్య లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. చాలా మంచి పని, కొనేవాళ్లకు కొండంత ధైర్యం. కాకపోతే 916 ముద్ర చెప్పేది నగలో వెయ్యి పాళ్లకు 916 పాళ్లు బంగారం అని మాత్రమే. అది ఏ నేల నుంచి వచ్చిందో, ఎవరి చేత తవ్వించారో ఆ ముద్ర చెప్పదు. ఈ రెండింటినీ కలిపి చెప్పే దుకాణదారు మాట నమ్మకు, నువ్వూ అట్లా చెప్పకు.

రాళ్ల దగ్గర మరీ జాగ్రత్త. కృష్ణా ఒడ్డున కొల్లూరు గనిలో 60,000 మంది ఆడామగా పిల్లలతో సహా పనిచేస్తున్నారని 17వ శతాబ్దంలో ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే రాశాడు. గోల్కొండ వజ్రాల పేర్లు లోకమంతా చెప్పుకుంటుంది, ఆ మనుషుల్లో ఒక్కరి పేరూ మిగల్లేదు. 2003లో మొదలైన కింబర్లీ పద్ధతి తిరుగుబాటు సేనలకు డబ్బులిచ్చే వజ్రాలను ఆపడానికి పెట్టినది. కూలి, పిల్లల పని, ఊపిరితిత్తుల జబ్బు దాని లెక్కలోకి రావు. ల్యాబ్ వజ్రం తెస్తే పీడా పోతుందనుకునేవు, దానికి విపరీతమైన కరెంటు కావాలి. రామగుండం చిమ్నీల కింద పెరిగిన మనకు కరెంటు ఎట్లా పుడుతుందో తెలుసు.

పెద్ద కంపెనీల నుంచి ఒక్కటి నేర్చుకోవచ్చు. 2017 డిసెంబరులో నగల కంపెనీ కార్టియే మయన్మార్ రాళ్లు కొనడం మానేసింది. 2018లో స్విస్ గడియారాల కంపెనీ షోపార్డ్ తన బంగారమంతా తెలిసిన చోటి నుంచే తెస్తానని ప్రకటించింది. వాళ్లకున్న డబ్బు నీకు లేదు, కానీ తెలియని సరుకు వద్దనడానికి డబ్బు అక్కర లేదు. ప్రతి నగతో పాటు చిన్న కార్డు ఇవ్వు. వెండి ఏ రిఫైనరీది, చేసిన ఔసలి ఎవరు, రాయి ఎక్కడిది అని రాయి. తెలియని చోట తెలియదనే రాయి.

పాత లోహం కొనడం అన్నిటికంటే మేలు. జైనూర్ మండలం ఉషేగాంలో ఓజాలు పాత ఇత్తడి సామాను కరిగించి, మైనం అచ్చుతో గోండుల దేవతా రూపాలు, గంటలు, నగలు పోస్తారు. ఆదిలాబాద్ డోక్రా అనే ఈ పోతపనికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొత్తగా ఏ గనీ తవ్వకుండా చేసే ఆ పని చూసి రా, దాన్నీ మన తీగపనినీ కలిపి ఒక నగ చేయొచ్చేమో ఆలోచించు. అయితే పాత వెండి, పాత బంగారం నీ షాపులో కొనేటప్పుడు అమ్మేవాళ్ల గుర్తింపు కార్డు చూడు, రిజిస్టర్‌లో రాయి. మెడలోంచి తెంపుకొచ్చిన గొలుసు కూడా పాత బంగారమే అవుతుంది మరి.

ఇక చివరిది, నా మనసులో అన్నిటికంటే పెద్దది. కేడీఎం నగ అంటే మేలిమి నగ అని మన ఇళ్లల్లో ఎన్నో ఏళ్లు గొప్పగా చెప్పుకున్నాం. అది కాడ్మియం కలిపిన టంకం. అతుకు దగ్గర బంగారం పాలు తగ్గకుండా ఉంటుందని వాడారు. దాని పొగ పీల్చిన ఔసలికి ఊపిరితిత్తులు, మూత్రపిండాలు చెడతాయి. నగ పెట్టుకున్నవాళ్లకు ఆ పొగ తగలదు, కాబట్టి ఎవరూ అడగలేదు. హాల్‌మార్క్ నగల్లో ఇప్పుడు దాన్ని ఒప్పుకోరు. కానీ వెండి టంకాల్లో కాడ్మియం ఉన్నవి బజారులో దొరుకుతాయి. ఫిలిగ్రీ పనిలో ఒక్కో వస్తువుకు ఎన్ని అతుకులుంటాయో నీకు తెలుసు. కాంగోలో గని కూలీ గురించి బాధపడి, మన వీధిలో ఊదుగొట్టం పట్టుకున్న మనిషి రొమ్ము గురించి పట్టించుకోకపోతే ఆ బాధ్యత ఉత్తదే.

పెద్ద పెద్ద షోరూంలు వచ్చాక మన ఔసలోళ్ల కుంపట్లు ఒక్కొక్కటే ఆరిపోయాయి. తరుగు, మజూరి కింద కొనేవాళ్ల దగ్గర తీసుకునే డబ్బులో చేసినవాడికి చేరేది ఎంతో నువ్వే లెక్క తీసి చూడు. నీ షాపులో ఆ లెక్క రాతలో ఉండాలి. షాపు తెరిచే ముందే కాడ్మియం లేని టంకం తెప్పించు. వాళ్లు కూచునే చోట పొగ లాగే ఫ్యాను పెట్టించు. మజూరి ఎంతో వాళ్లతో కూచుని మాట్లాడి, నెలనెలా ఆలస్యం లేకుండా ఇవ్వు.