బిడ్డను అప్పగించాం, బాధ్యతను కూడానా?

జూన్ నెలలో బడులు తెరవగానే మన ఇళ్లలో హడావిడి మొదలవుతుంది. పుస్తకాల సంచి సర్ది, యూనిఫారం తొడిగి, బిస్మిల్లాహ్ చెప్పి బిడ్డను బడి గేటు దాకా తీసుకెళ్తాం. “మాస్టారూ, ఇక మీదే భారం” అని అప్పగించి వెనక్కి తిరుగుతాం. ఆ మాటలో వినయం ఉంది, గురువు పట్ల గౌరవం ఉంది. కాని బిడ్డతో పాటు భారం కూడా ఆ గేటు దాటి లోపలికి వెళ్లిపోతుందా? ఐదో తరగతి పూర్తయ్యేదాకా లోపల ఏం జరుగుతోందో మనం అడగకపోతే, బడివారూ చెప్పకపోతే, రేపు అల్లాహ్ సన్నిధిలో జవాబు చెప్పుకోవలసింది ఎవరు?

సంతానం మన సొత్తు కాదు, అమానతు. అమానతును నమ్మకస్తుల చేతిలో ఉంచడం తప్పు కాదు. అయితే ఉంచిన తర్వాత మరచిపోవడం మాత్రం తప్పే. మన గోదావరి డెల్టాలో పొలాన్ని కౌలుకిచ్చిన రైతు కూడా అప్పుడప్పుడు గట్టు మీదికి వెళ్లి పైరు చూసి వస్తాడు. కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారో ముందే కనుక్కుంటాడు. పైరు మీద ఉన్నపాటి శ్రద్ధ బిడ్డ మీద ఉండనవసరం లేదా? దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ప్రతి మనిషినీ కాపరితో పోల్చారు. ఎవరి మంద గురించి వారిని ప్రశ్నించడం జరుగుతుందని హెచ్చరించారు (బుఖారీ, ముస్లిం). మందను మేతకు తోలి, సాయంత్రం ఎన్ని తిరిగొచ్చాయో లెక్క చూసుకోని వాడిని ఎవరూ కాపరి అనరు.

దివ్య ఖుర్ఆన్‌లో ఒక ఆదేశం మనల్ని ఆలోచింపజేస్తుంది. పసిబిడ్డ చేత పాలు మాన్పించే విషయంలో కూడా తల్లిదండ్రులు ఇద్దరూ సంప్రదించుకుని, పరస్పర అంగీకారంతో నిర్ణయించుకోవాలని అల్లాహ్ సూచించాడు (బఖరా, 233). పాలు మాన్పించడం ఇంట్లో జరిగే చిన్న విషయం. దానికే సంప్రదింపు అవసరమైతే, బిడ్డ బుద్ధి, నడత, భాష రూపుదిద్దుకునే ఐదేళ్ల చదువు గురించి సంప్రదింపు ఎంత అవసరం! సంప్రదించాలంటే ముందు విషయం తెలియాలి. తెలియని విషయం మీద ఎవరూ సలహా ఇవ్వలేరు. అందుకే బడి సంగతులు తల్లిదండ్రులకు తెలియజేయడం బడి చేసే మేలు కాదు, తీర్చవలసిన హక్కు. తెలుసుకోవడం మన హక్కు మాత్రమే కాదు, మన విధి.

మన దేశ చట్టం కూడా ఇదే దారిలో నడిచింది. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రతి ప్రభుత్వ బడిలో పాఠశాల యాజమాన్య కమిటీ ఉండాలంది. అందులో కనీసం నాలుగింట మూడు వంతుల మంది బిడ్డల తల్లిదండ్రులు లేదా సంరక్షకులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలి. బడి పనితీరును గమనించడం, అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, వచ్చిన నిధుల ఖర్చును పరిశీలించడం ఈ కమిటీ పనులు. మన రాష్ట్రంలో 2024 ఆగస్టులో ఈ కమిటీలకు ఎన్నికలు జరిగాయి. ఆ ఏడాది డిసెంబరు 7న, మళ్లీ 2025 జూలై 10న రాష్ట్రమంతటా ప్రభుత్వ బడుల్లో తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశాలు పెద్ద ఎత్తున జరిగాయి. మన పిల్లల బడిలో కమిటీ సభ్యులెవరో మనలో ఎందరికి తెలుసు? 2025 జూన్‌లో తల్లికి వందనం పథకం కింద ఒక్కో బిడ్డకు 13,000 రూపాయలు ఖాతాలో పడినప్పుడు బ్యాంకు సందేశం కోసం అందరం ఎదురుచూశాం. బడి నుండి వచ్చే సందేశం కోసం కూడా అలాగే ఎదురుచూస్తున్నామా?

“మేము చదువుకోని వాళ్లం, మాస్టార్లను ఏమి అడగగలం?” అని కొందరు తల్లులు అంటారు. పాఠం తెలియకపోవచ్చు, బిడ్డ తెలుసు కదా! రాత్రి ఎందుకు ఉలిక్కిపడి లేస్తున్నాడో, పిలిస్తే ఒక చెవితోనే ఎందుకు వింటున్నాడో, అస్ర్ తర్వాత అరబీ చదువుకు ఉత్సాహంగా వెళ్లేవాడు బడికి మాత్రం ఎందుకు ఏడుస్తున్నాడో టీచరుకు తెలియదు. అది చెప్పగలిగేది అమ్మే. మధ్యాహ్న భోజనం సంగతీ అంతే. 2024లో ఆ పథకానికి మన కోనసీమలోని లంకల గన్నవరంలో కులం అడగకుండా ఆకలిగొన్నవారికి అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆ అన్నం బిడ్డ తింటున్నాడా, వదిలేస్తున్నాడా అని అడగడానికి డిగ్రీ అక్కర్లేదు.

మరికొందరి ఇబ్బంది నిజమైనది. నాట్ల రోజుల్లోనో, రొయ్యల షెడ్డులో పని ఉన్నప్పుడో పగలు పది గంటలకు సమావేశం పెడితే ఆ తల్లికి ఒక రోజు కూలి పోతుంది. ఆమె రాలేదని “వీళ్లకు పిల్లల మీద శ్రద్ధ లేదు” అనడం అన్యాయం. అందరూ రాగలిగే వేళ చూడడం, రాలేని వారికి కబురు అందించడం బడి బాధ్యత. ‘అబస’ సూరా నేపథ్యం మనకు తెలుసు. ఖురైషు నాయకులతో సంభాషణ సాగుతున్న వేళ, తెలుసుకోవాలన్న తపనతో ఒక అంధుడు వచ్చారు. ఆయన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి). ఆయన వైపు ధ్యాస తగ్గినందుకు అల్లాహ్ తన ప్రియ ప్రవక్తనే మందలించాడు. ఈ పాఠం బడికీ వర్తిస్తుంది, మన మస్జిద్ కమిటీలకూ వర్తిస్తుంది. కారులో వచ్చిన తండ్రికి కుర్చీ వేసి, బురఖాలో వచ్చిన కూలి తల్లిని వరండాలో నిలబెట్టడం తగదు.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన బాధ ఇంకొకటి ఉంది. కోనసీమ నుండి, నరసాపురం వైపు నుండి ఎందరో తల్లులు ఇంటి పనుల కోసం కువైట్, ఖతర్, ఒమన్ దేశాలకు వెళ్లారు. పిల్లలు నానీ దగ్గరో దాదీ దగ్గరో పెరుగుతున్నారు. బడి రిజిస్టరులో ఉన్నది అమ్మ పాత ఫోన్ నంబరు, అది ఎప్పుడో ఆగిపోయింది. మాస్టారు ఫోన్ చేసినా ఎవరూ ఎత్తరు. సోదర సోదరీమణులారా! ఈ వారమే బడికి వెళ్లి ఆ నంబరు మార్పించండి. నానీ పేరు సంరక్షకురాలిగా రాయించండి. దూరాన ఉన్న తల్లి వారానికి ఒకసారి డబ్బు సంగతి తర్వాత అడిగి, ముందు “ఈ వారం బడిలో ఏం నేర్చుకున్నావు బేటా?” అని అడిగితే ఆ బిడ్డకు అదే పెద్ద బలం.

బడి నుండి వచ్చిన కాగితం చదవలేనివారికి చదివి చెప్పడం కూడా దానమే. బద్ర్ యుద్ధం తర్వాత విడుదల సొమ్ము చెల్లించలేని ఖైదీలలో చదువు వచ్చిన వారిని, పిల్లలకు రాయడం చదవడం నేర్పి విడుదల పొందమన్నారు దైవప్రవక్త (స). శత్రువు చేతిలోని అక్షరాన్ని కూడా పిల్లల కోసం వాడుకున్న సమాజం మనది. అలాంటప్పుడు జుమా నమాజు తర్వాత మన చదువుకున్న యువకులు పదిహేను నిమిషాలు కూర్చుని డైరీలు, ప్రోగ్రెస్ కార్డులు చదివి పెట్టలేరా?

చివరిగా మనల్ని మనం ప్రశ్నించుకోవలసిన మాట ఒకటుంది. లెక్కల్లో వెనుకబడ్డాడని టీచరు చెప్పగానే ఇంటికొచ్చి బిడ్డను కొడితే, రెండోసారి బిడ్డ కార్డు దాచేస్తాడు. జాలిపడిన టీచరు కూడా నిజం దాచేస్తుంది. బిడ్డ ముందే టీచరును నిందిస్తే, ఆమె మాటకు తరగతిలో విలువ పోతుంది. తెలిసిన విషయాన్ని మనం ఎలా వాడుకుంటామో చూసే ఎదుటివారు మనకు చెప్పాలో లేదో నిర్ణయించుకుంటారు. కాబట్టి విన్న సంగతి కూడా ఒక అమానతే. హజ్రత్ లుఖ్మాన్ తన కుమారునికి హితబోధ చేసిన తీరు చూడండి. అందులో ప్రేమగా పిలవడం ఉంది, కారణం చెప్పడం ఉంది. మన ఇంట్లో ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం కూడా ఆ స్వరంతోనే జరగాలి.

మన పిల్లలను మన కళ్లకు చలువగా చేయమని, వారి విషయంలో మనల్ని మెలకువ గల కాపరులుగా నిలపమని అల్లాహ్‌ను వేడుకుందాం. ఆమీన్.