మట్టి సైనికుడు - పిండి కోడి

పిల్లవాడు మట్టితో సైనికుని బొమ్మ చేసి, ఆటలో దాని తల త్రుంచివేసినచో అది హింసయగునా, కాదా? మట్టికి నొప్పి ఎక్కడిదని కొందరు నవ్వి ఊరకుండవచ్చును. జైన గృహస్థునకు అట్లు ఊరకుండుటకు వీలులేదు. అహింసను గూర్చి పెద్దలు చెప్పిన కథలలో ఒకటి సరిగా ఈ ప్రశ్న మీదనే నిలిచియున్నది.

చంద్రపూర్ వంటి ఊరిలో ఇది ఊహకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు. పూర్వము చాందా అని పిలువబడిన ఈ పట్టణము గోండు రాజుల రాజధాని. పాత ఊరి చుట్టును వారు కట్టించిన రాతిగోడ నేటికిని నిలిచియున్నది. పిల్లలు బడికి పోవునపుడును, పెద్దలు అంగడికి పోవునపుడును ఆ కోట వాకిళ్ల ప్రక్కనుండియే పోవుదురు. తెలుగు మాటయు ఈ ప్రాంతమునకు క్రొత్తది కాదు. వర్ధానది కావలనున్న రాజూరా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున ఆదిలాబాదు జిల్లాలోనే ఉండెను.

బడి పుస్తకములో మధ్యయుగ చరిత్రయనగా రాజుల పేర్లు, యుద్ధముల తేదీలు. పరీక్ష ముగిసిన మరునాటికి అవి మరపునకు వచ్చును. అందుచేత కొందరు తల్లిదండ్రులు సెలవు దినములలో ఇంటియందే చేతిపనుల ద్వారా చరిత్ర చెప్పుచుందురు. అట్టముక్కలతో కోట వాకిలి, మట్టితో బురుజు, కాగితముతో నాణెములు చేయింతురు. ఇది మంచి పద్ధతి. వర్తకుల ఇండ్లలో ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. కుర్రవాడు తూకమును గూర్చి విని నేర్చుకొనడు, తూచి నేర్చుకొనును. అయితే బురుజు లేచిన అరగంటకు యుద్ధము మొదలగును. ఒక ప్రక్క మనవారు, ఒక ప్రక్క శత్రువులు. చీపురుపుల్ల కత్తియగును, మట్టి తలలు తెగును. చూచుచున్న తాతగారు ఈ ఆట వలదందురు. తండ్రి ఆటయే కదా అనును. ఇద్దరిలో ఎవరి మాట సరియైనది?

తాతగారి పక్షమున యశోధరుని కథ కలదు. ఉజ్జయినీ రాజగు యశోధరుడు తనకొక చెడ్డకల వచ్చినదని తల్లితో చెప్పెను. ఆ కీడు తొలగుటకు జంతుబలి ఇయ్యవలెనని తల్లి చంద్రమతి పట్టుపట్టెను. జీవహింస చేయనని కుమారుడు చెప్పెను. కాని తల్లి మాట పూర్తిగా త్రోసివేయలేక, చివరకు పిండితో కోడిని చేసి బలియిచ్చుటకు సమ్మతించెను. ఒక్క ప్రాణియు చావలేదు. అయినను ఆ తల్లీకొడుకులు నెమలిగా, కుక్కగా పుట్టి, ఆపైన పెక్కు జన్మములు దుఃఖపడిరని కథ. సోమదేవసూరి ఈ కథను యశస్తిలక చంపువుగా రచించి 959వ సంవత్సరమున గంగధారలో పూర్తిచేసెను. అది వేములవాడ చాళుక్యుల ఏలుబడి. ఆ గంగధార నేటి కరీంనగర్ జిల్లాలోని గంగాధరయే యని చరిత్రకారులు గుర్తించిరి. కనుక ఇది ఎచ్చటినుండియో వచ్చిన కథ కాదు, తెలుగు నేల మీద వ్రాయబడిన కథ.

ఈ కథ భావము స్పష్టము. పిండికి ప్రాణము లేదు, కాని చేతిలోని కత్తి వెనుక చంపవలెనను సంకల్పము కలదు. గృహస్థుని హింసను పెద్దలు నాలుగు విధములుగా విభజించిరి. ఇంటి పనులలో జరుగునది ఆరంభీ, వృత్తిలో జరుగునది ఉద్యోగీ, తన్ను తాను కాపాడుకొనుటలో జరుగునది విరోధీ, కోరి చేయునది సంకల్పీ. మొదటి మూడింటిని గృహస్థుడు తగ్గించుకొనవలెను. నాలుగవదానిని పూర్తిగా విడువవలెను. పిండికోడి ఈ నాలుగవ పద్దులోనిది.

అయితే తండ్రి మాటను కూడ త్రోసివేయరాదు. యశోధరుడు పిండికోడిని నిజమైన కోడికి బదులుగా ఇచ్చెను, చంపినదాని ఫలమే దానివలన కోరెను. ఆటలో మట్టిబొమ్మను పడగొట్టు పిల్లవానికి అట్టి కోరిక లేదు. బొమ్మ పడగానే నవ్వి మరల నిలబెట్టును. ఈ రెంటిని ఒకే త్రాసులో వేయుట న్యాయము కాదు.

మరి హద్దు ఎక్కడ? మట్టిబొమ్మకు పేరు పెట్టుటలో కలదు. సైనికుడు ఉత్త సైనికుడుగా ఉన్నంతవరకు అది ఆట. ఆ బొమ్మకు ప్రక్కింటివారి కులము పేరో, ఎదురింటివారి మతము పేరో పెట్టి తల త్రుంచిన క్షణమున అది పిండికోడియగును. చంద్రపూర్ వీధులలో గోండులు, మరాఠీలు, ముసల్మానులు, తెలుగువారు, మార్వాడీలు ప్రక్కప్రక్కన నివసింతురు. నాలుగు వందల యేండ్ల క్రిందటి రాజు చేసిన పనికి నేటి తోటి విద్యార్థి బాధ్యుడని ఇంటిలో ఆడిన ఆట నేర్పినచో, ఆ పాఠము బొమ్మలతో ఆగదు. సాయంకాలము వీధిలోనికి పోవును. మధ్యయుగ చరిత్రను ఇంట బోధించుటలో నిజమైన అపాయము ఇదియే.

అపాయమున్నదని యుద్ధములను దాచివేయుట మేలని కొందరు అందురు. అదియు సరికాదు. అహింసాణువ్రతము వలెనే సత్యాణువ్రతము కూడ గృహస్థునిదే. 1751లో నాగపూరు భోంస్లేలు చాందా రాజ్యమును కలుపుకొనిరి. చివరి గోండు రాజు నీలకంఠ షా బల్లార్‌పూర్ కోటలో బందీయయ్యెను. ఈ సంగతి చెప్పక కోట చూపుట, అప్పు పద్దు చింపివేసి ఖాతా చూపుట వంటిది. జైనుల చరిత్ర కూడ యుద్ధములు లేని లోకములో జరుగలేదు. కాకతీయుల కాలమున మంత్రి బేతన భార్య మైలమ 1117లో హనుమకొండ గుట్టపై కడలాలయ బసదిని కట్టించెను. ఆ గుట్టను నేడు పద్మాక్షి గుట్ట అందురు. కత్తి కట్టిన రాజుల కొలువులోనే బసదులు లేచినవి. పిల్లవానికి ఈ రెండును తెలియవలెను.

కావున తేలిన న్యాయమిది. జరిగిన హింసను నోరు దాచరాదు, ఆ హింసను చేయి అభినయింపరాదు. చేయి కట్టవలెను, కొలువవలెను, లెక్కింపవలెను, వ్రాయవలెను. ఇట్లు చేసినచో చరిత్ర చప్పబడిపోవునని భయపడనక్కరలేదు. చేతికి పని ఎంతైనను కలదు.

మొదటి పని కోటగోడ. చంద్రపూర్ కోటకు నాలుగు పెద్ద వాకిళ్లు. ఉత్తరమున జట్‌పురా, తూర్పున అచలేశ్వర, దక్షిణమున పఠాన్‌పురా, పడమట బింబా. ఇవిగాక ఖిడ్కీలు అను దిడ్డివాకిళ్లు ఐదు. వాటిలో ఒకదాని పేరు చోర్ ఖిడ్కీ, మరియొకదాని పేరు మసన్ ఖిడ్కీ. మసన్ అనగా శ్మశానము. ఒక వాకిటినుండి మరియొక వాకిటికి పిల్లలు పెద్దలతో నడిచి అడుగులు లెక్కింపవలెను. నూరడుగులకు ఒక ముడి చొప్పున దారమునకు ముడులు వేసి, ఇంటికి వచ్చి ఆ దారమును పలకపై పరచినచో కోట నమూనా తయారగును. అప్పుడు ప్రశ్నలు వాటంతట అవే వచ్చును. ఇంత రాయి ఎవరు మోసిరి? వారికి కూలి ఎవరిచ్చిరి? శవమునకు వేరే వాకిలి ఎందుకు? వాకిటిపై ఏనుగు మీద సింహమును చెక్కుటలో రాజు ఏమి చెప్పదలచెను? ఒక్క తల తెగకుండ ఒక రాజ్యము తెలియును.

రెండవ పని ముట్టడి. దానిని కత్తితో కాక గింజతో చెప్పవలెను. గిన్నెలో అరువది పిడికిళ్ల బియ్యము పోసి, అది కోటలోని ధాన్యమనుకొనవలెను. లోపల పది కుటుంబములు, దినమునకు కుటుంబమునకు ఒక పిడికెడు. ఆరవనాటికి గిన్నె ఖాళీయగును. ఏడవనాడు ఏమి చేయుదురు? ముందే ఎవరి వంతు తగ్గించియుండవలసినది? వాకిలి తెరువవలెనా? లోపలివారుగా ఆడిన పిల్లలు తరువాత వెలుపలివారుగా ఆడవలెను. అనేకాంతవాదము పెద్దయైన తరువాత గ్రంథములో చదువుకొనునది మాత్రమే కాదు. స్థానము మార్చి చూచుటయే దాని మొదటి పాఠము. ఆట ముగియగానే ఆ బియ్యము వంటింటికి పోవలెను, పారవేయరాదు.

మూడవ పని వర్తకుల పిల్లలకు మిక్కిలి తగినది. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవునందు అభయశాసనము వేయించెను. మోటుపల్లి నేటి బాపట్ల జిల్లాలోనిది. పూర్వపు రాజులు తుఫానులో చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును లాగుకొనుచుండిరి. గణపతిదేవుడు ఆ హక్కును విడిచిపెట్టి, సరకులో ముప్పదింట ఒక వంతు సుంకము మాత్రమే చాలునని ప్రకటించెను. పళ్లెములో నీరు పోసి, కాగితపు పడవలో ముప్పది చింతగింజలు పెట్టి, పడవ బోల్తాపడిన పిమ్మట పిల్లలనే రాజుగా తీర్పు చెప్పుమని అడుగవలెను. కొందరు ముప్పదియు తీసికొందురు. అప్పుడు శాసనములోని మాట చెప్పి, ఇరువది తొమ్మిదింటిని తిరిగి ఇప్పించవలెను. అచౌర్యము అను వ్రతమునకు ఇంతకంటె మంచి పాఠము దొరకదు. తీసికొనగల బలము ఉండియు తీసికొనకపోవుట రాజునకు కూడ గొప్ప అని పిల్లవాని వ్రేళ్లకే తెలియును.

నాలుగవ పని శాసనము. గంగాధర చెంతనే కుర్క్యాల వద్ద బొమ్మలగుట్ట కలదు. కన్నడ మహాకవి పంపని తమ్ముడు జినవల్లభుడు 10వ శతాబ్దమున అక్కడ జిన బింబములను, చక్రేశ్వరీదేవిని చెక్కించి, సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో శాసనము వేయించెను. అందులోని కంద పద్యములు తెలుగులో దొరికిన మిక్కిలి ప్రాచీన కందములుగా ప్రసిద్ధి చెందినవి. ఎండబెట్టిన మట్టిపలకపై పిల్లలు తమ ఇంటి పేరును మూడు లిపులలో మేకుతో గీసినచో, రాతిపై వ్రాసినవాని ఓపిక ఎట్టిదో తెలియును. పాత రాళ్లపై మాత్రము ఒక్క గీతయైనను గీయరాదు.

ఐదవది లెక్క. వర్తకుని ఇంట రసీదు లేని పద్దు ఆవర్జాలోనికి ఎక్కదు. చరిత్రకును అట్టి పుస్తకమే కావలెను. దానిలో మూడు గడులు: చూచినది, శాసనములోనో గ్రంథములోనో ఉన్నది, విన్నది. ఖాండక్యా బల్లాళ షా వేటకుక్కను ఒక కుందేలు తరిమెననియు, అది పరుగెత్తిన దారి వెంట గోడ కట్టించుమని రాణి చెప్పెననియు ఇచ్చట ఒక కథ కలదు. ఇది మూడవ గడిలో వ్రాయవలసినది. కోటగోడ మొదటి గడిలోనిది. రాణీ హిరాయి భర్తయగు బీర్ షాకు కట్టించిన సమాధిని చూచివచ్చినచో అది మొదటి గడిలో చేరును. ఆమె కాలమును గూర్చి చదివినది రెండవ గడిలో చేరును. ఈ అలవాటు పడిన పిల్లవాడు, ఫలానావారి పూర్వులు ఫలానా ఘోరము చేసిరని వీధిలో వినినప్పుడు, ఇది ఏ గడిలోనిది అని తన్ను తాను ప్రశ్నించుకొనును. ఆ ఒక్క ప్రశ్న ఎన్నో తగవులను ఆపును.

ప్రయాణమునకు భద్రావతి మంచి చోటు. చంద్రపూర్‌కు 30 కిలోమీటర్ల లోపుననే కేసరియా పార్శ్వనాథుని తీర్థము కలదు. ఆ ఊరిలోనే విజాసన్ కొండ యందు బౌద్ధ గుహలును, వేరొకచోట భద్రనాగ మందిరమును కలవు. దర్శనమైన తరువాత పిల్లలను ఆ రెండింటికి కూడ తీసికొనిపోవలెను. ఒకే ఊరు మూడు మార్గముల వారికి చోటిచ్చినదని కాళ్లతో నడిచి తెలిసికొన్నది నోటితో చెప్పిన నూరు మాటలకంటె గట్టిగా నిలుచును.

ఈ పనులలోను తాతగారి జాగ్రత్త అవసరమే. తడిమట్టిని త్రవ్వి తెచ్చుటకంటె, ఎండిన మట్టిని జల్లించి, వడగట్టిన నీటితో తడుపుట మేలు. బొమ్మలను ఆవములో కాల్పక ఎండలో ఆరబెట్టవలెను. చాతుర్మాస్యములో గడ్డి, పురుగులు నిండిన కోటగోడలపైకి పిల్లలను తీసికొనిపోరాదు, శీతకాలము తగిన సమయము. పాఠము అహింసను గూర్చియైనపుడు పాఠము చెప్పు తీరులో కూడ అహింస ఉండవలెను కదా.

2017లో చంద్రపూర్ యువకులు ఎకో-ప్రో అను సంస్థ పక్షమున నెలల తరబడి ఈ కోటగోడలను శుభ్రపరచిరి. పొదలలో, చెత్తలో మరుగుపడిన బురుజులు మరల కంటికి కనబడినవి. ఆ యువకులలో ఎవరి పూర్వులు కోట కట్టిరో, ఎవరి పూర్వులు ముట్టడించిరో ఎవరును అడుగలేదు. గోడ అందరిదియు అయ్యెను. చరిత్రను చేతితో నేర్చుటయనగా ఇట్లుండవలెను.

తాతగారును తండ్రియు ఇద్దరును కొంత సరిగానే పలికిరి. మట్టి చావదు. కాని మట్టిపై పడిన చేయి పెరిగి పెద్దదగును, త్రాసు పట్టును, వ్రాలు చేయును, ఓటు వేయును, పొరుగువాని చేతిని పట్టుకొనును, లేక త్రోసివేయును. ఆ చేతికి ఏ పని అలవాటు చేయవలెనో నిర్ణయించునది బడి కాదు, ఇల్లు.