ఇవ్వని బొమ్మ

శబ్దం మామూలుగానే వచ్చేది, బొమ్మ మాత్రమే చెదిరిపోయేది. 1990ల్లో బ్రిటన్‌లో స్కై అనే ఉపగ్రహ టీవీ కంపెనీ వాళ్ళ సినిమా ఛానల్‌ని చందా కార్డు లేకుండా పెడితే మాటలన్నీ వినపడేవి, తెర మీద మాత్రం మొహమేదో గోడేదో తెలిసేది కాదు. వీడియోక్రిప్ట్ అనే ఆ పద్ధతిలో బొమ్మలోని ఒక్కో గీతనూ 256 చోట్లలో ఏదో ఒక చోట కోసి, ముందు ముక్కని వెనక్కీ వెనక ముక్కని ముందుకీ మార్చి పంపేవారు. ఏ గీతను ఎక్కడ కోశారో తెలిస్తే మళ్ళీ అతికించుకోవచ్చు. అది తెలియడానికే డీకోడర్లో కార్డు దూర్చేది. రెండున్నర సెకన్లకోసారి సిగ్నల్‌తో పాటు 32 బైట్ల సందేశం వచ్చేది. డీకోడర్ దాన్ని కార్డుకి అందించేది. కార్డు లోపల లెక్క కట్టి 8 బైట్ల జవాబిచ్చేది. జవాబు సరైనదైతే తర్వాతి రెండున్నర సెకన్లూ బొమ్మ కుదురుగా ఉండేది.

ఆ జవాబు నా చేత్తో రాసిన కార్డు కూడా ఇవ్వగలదా అన్నదే నా వ్యాపకం. అమరావతి పక్క పల్లె మాది. ఆసుపత్రి యంత్రాల మరమ్మతు పనిలో ఇంగ్లండు వచ్చి, లెస్టర్లో స్థిరపడి, అక్కడే రిటైరయ్యాను. ఇక్కడ ఆదివారాలు జనం కారు డిక్కీలు తెరిచి పాత సామాన్లు అమ్ముకునే సంతలు జరుగుతాయి. ఎవరికీ అక్కర్లేని డీకోడర్లు, వాటిలోనే ఉండిపోయిన కార్డులు నాకు అక్కడే దొరికాయి. కార్డు మీద బంగారు రంగు బిళ్ళల్లో కరెంటుకొకటి, క్లాక్‌కొకటి, రీసెట్‌కొకటి, గ్రౌండ్‌కొకటి, వచ్చే మాటకీ పోయే మాటకీ కలిపి ఒక్కటే. రీసెట్ ఇవ్వగానే కార్డు తనెవరో చెప్పుకుంటుంది. ఈ జాతి కార్డుల పలుకు హెక్సా లెక్కలో 3ఎఫ్‌తో మొదలవుతుంది. 3.58 మెగాహెర్ట్జ్ క్లాక్‌ని 372తో భాగిస్తే సెకనుకు 9600 బిట్ల నడక. డీకోడర్ 53 74 అని పంపితే సందేశం వస్తోందని, 53 78 అంటే జవాబు చెప్పమని. ఇదంతా పిక్ 16సి84 అనే చిప్‌లోకి రాయాలి. 1024 ఆదేశాలు పట్టే చోటు, 36 బైట్ల ర్యామ్, అంతే. అంత ఇరుకులో ఒక్క ఆదేశం మిగిల్చుకున్నా పండగే. 1993లో ఈ చిప్ రాగానే అభిరుచి ఉన్నవాళ్ళంతా దాని మీద పడటానికి కారణముంది. అంతకు ముందు పిక్ చిప్‌లను చెరిపి మళ్ళీ రాయాలంటే అతినీలలోహిత దీపం కింద పెట్టాల్సి వచ్చేది. దీన్ని కరెంటుతోనే చెరిపేయొచ్చు, తప్పు రాస్తే నిమిషంలో దిద్దుకోవచ్చు.

ఇప్పుడు ఆకాశంలో ఆ సిగ్నల్ లేదు. స్కై తన అనలాగ్ ప్రసారాన్ని 2001 సెప్టెంబరులో ఆపేసింది. నా బల్ల మీద మాత్రం ఉంది. హ్యాక్‌టీవీ అనే ఉచిత ప్రోగ్రాం, హ్యాక్‌ఆర్‌ఎఫ్ అనే చిన్న రేడియో పెట్టె కలిస్తే మనకిష్టమైన వీడియోని వీడియోక్రిప్ట్ పద్ధతిలోనే కోసి, తీగ ద్వారా పాత రిసీవర్‌లోకి పంపొచ్చు. మా అమ్మాయి పెళ్ళి వీడియోని అలా ముక్కలు చేసి, నేను రాసిన కార్డు పెట్టి, తలంబ్రాల దగ్గర బొమ్మ కుదురుకోవడం చూశాను.

మా అక్క కొడుకు హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు ఇదంతా దగ్గరుండి చూశాడు.

“మావయ్యా, అప్పట్లో ఇలాంటి కార్డులు చేసినవాళ్ళని దొంగలనేవాళ్ళు కదా. నిజంగా దొంగతనమేనంటావా?”

“నువ్వేమంటావురా?”

“ఎవడి సొమ్మూ పోలేదుగా!”

ఆ మాట తేలిగ్గా తీసిపారేసేది కాదు. దానికున్న బలం తెలియాలంటే జర్మనీ సంగతి చెప్పాలి. స్కై ప్రసారాలు మోసుకొచ్చే ఆస్ట్రా ఉపగ్రహం వెలుగు జర్మనీ పెరళ్ళ మీద కూడా పడేది. స్టార్ ట్రెక్ ఏడో సీజన్ ఇంగ్లీషులోనే చూడాలని తపించేవాళ్ళు అక్కడ ఉన్నారు. స్కై కార్డు అమ్మేది బ్రిటన్‌కీ ఐర్లండ్‌కీ మాత్రమే. జేబులో డబ్బు పెట్టుకుని తిరిగినా అమ్మేవాడు లేడు. 1994లో మార్కస్ కూన్ అనే జర్మన్ విద్యార్థి, కార్డు చెప్పే జవాబుని కంప్యూటరే చెప్పేలా ఒక ప్రోగ్రాం రాసి దానికి సీజన్7 అని పేరు పెట్టాడు. కార్డు ఆకారంలో ఒక పలక, దాని నుంచి కంప్యూటర్ సీరియల్ పోర్టుకి తీగ. ఆ ఏడాది మేలో స్కై తన 07 తరం కార్డుల్ని పక్కనపెట్టి 09 తరం కార్డులకి మారింది, పాత జవాబులు చెల్లడం మానేశాయి. ఆ జర్మన్ల వల్ల స్కైకి పైసా తగ్గలేదు, ఎందుకంటే వాళ్ళెన్నటికీ స్కై ఖాతాదారులు కాలేరు. గాలిలోది తగ్గలేదు, పక్కవాడి తెర మసకబారలేదు. డిష్ వాళ్ళది, తీగ వాళ్ళది, లెక్క కట్టింది వాళ్ళ కంప్యూటర్. మరి పోయిందెవరిది?

కెనడాలో ఇలాంటిదే వచ్చింది. అక్కడ అమ్మకానికి లేని అమెరికా ఉపగ్రహ ఛానళ్ళని విప్పుకుని చూడటం తప్పేనని 2002లో ఆ దేశ సుప్రీంకోర్టు తేల్చింది. పంచే హక్కున్నవాడి అనుమతి లేనిదే విప్పకూడదంది. చట్టం ప్రకారం అక్కడితో సరి. కానీ నా మేనల్లుడు అడిగింది చట్టం గురించి కాదు, అది నాకు తెలుసు.

అమరావతి దగ్గర పుట్టినవాడికి బుద్ధుడు ఎక్కడో దూరపు దేవుడు కాడు. చిన్నప్పుడు స్తూపం దిబ్బ మీద ఆడుకున్నాం. పెద్దయ్యాక పాలి గ్రంథాల అనువాదాలు చదువుతూంటే, పంచశీలలో రెండోదాన్ని దొంగతనం చేయకు అని కాకుండా ఇవ్వనిది తీసుకోకు అన్న రూపంలో చెప్పారని గమనించాను. రెంటికీ తేడా చాలా ఉంది. మొదటిది పోగొట్టుకున్నవాడి వైపు నుంచి లెక్క అడుగుతుంది. రెండోది తీసుకున్నవాడి వైపు నుంచి అడుగుతుంది, నీకిది ఇచ్చిందెవరని. ఎవడి సొమ్మూ పోలేదన్నది మొదటి ప్రశ్నకి పూర్తి జవాబు. రెండోదానికి అది జవాబే కాదు.

సంయుత్త నికాయం అనే పాలి గ్రంథంలో ఒక భిక్షువు కథ ఉంది. కోసల దేశంలో, అడవిలో ఉండేవాడు. భోజనమయ్యాక కొలనులోకి దిగి తామర పువ్వు వాసన చూస్తూండేవాడు. ఆ అడవిలో ఉండే దేవత వచ్చి, ఇవ్వని వాసన పీలుస్తున్నావు, నువ్వు గంధచోరుడివి అంది. భిక్షువు మన జర్మన్ కుర్రాళ్ళ వాదమే వినిపించాడు. పువ్వు కోయలేదు, తుంచలేదు, దూరం నుంచి వాసన చూశాను, దొంగనెలా అవుతాను? దుంపలు తవ్వుకుపోయేవాళ్ళని ఏమీ అనవేం? దేవత ఆ వాదాన్ని ఖండించనే లేదు. ఒళ్ళంతా మురికి పట్టినవాడికి నేను చెప్పేదేమీ లేదని, మచ్చలేకుండా బతకాలనుకునేవాడికి వెంట్రుక కొసంత దోషమూ మబ్బంత కనిపిస్తుందని, అందుకే నీకు చెబుతున్నానని అంది. భిక్షువుకి సంతోషం వేసింది, మళ్ళీ ఎప్పుడైనా ఇలా చేస్తే చెప్పమన్నాడు. మేం నీ జీతగాళ్ళం కాము, నీ దారి నువ్వే చూసుకోవాలంది దేవత.

ఇంతకంటే దగ్గరి పోలిక నాకెక్కడా దొరకలేదు. తామర వాసన గాలిలో అందరి మీదా పడుతుంది, పీల్చితే తరగదు. టీవీ సిగ్నల్ కూడా అంతే. మా అమరావతి స్తూపం కంచె స్తంభాల మీద నిండుగా విచ్చిన తామరలు చెక్కి ఉంటాయి. వాటిలో కొన్ని ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. 1859లో మద్రాసు నుంచి ఓడలో వెళ్ళిన రాళ్ళవి. ఆ గదిలో నిలబడినప్పుడల్లా నాకు రెండో శీలమే గుర్తొస్తుంది, ఇచ్చిందెవరని. ఆ ప్రశ్న వాళ్ళకి వేసి నాకు నేను వేసుకోకపోతే న్యాయం కాదు.

ఇచ్చారనుకునే తీసుకున్నాం అనే వాదానికీ, భిక్షువుల నియమాల గ్రంథమైన వినయ పిటకంలో ఒక మనిషి ఉన్నాడు. ధనియుడు కుమ్మరి బిడ్డ, భిక్షువు. రాజగృహంలో కుటీరం కట్టుకోవడానికి బింబిసారుడి కలప కొట్టు నుంచి దుంగలు తెచ్చుకున్నాడు. రాజు ఇచ్చాడని కావలివాడితో చెప్పాడు. రాజు పిలిపించి అడిగితే, పట్టాభిషేకం రోజున శ్రమణులకీ బ్రాహ్మణులకీ గడ్డీ కట్టెలూ నీళ్ళూ ఇచ్చానని మీరే ప్రకటించారు కదా అన్నాడు. అవును, అన్నాను, కానీ నేనన్నది అడవిలో ఎవరికీ చెందని వాటి గురించి, నగరం మరమ్మతుకి దాచిన కలప గురించి కాదు అన్నాడు బింబిసారుడు. బుద్ధుడు రెండో పారాజిక నియమం, అంటే మీరితే సంఘం నుంచి వెలివేసే నియమం, పెట్టింది ఈ సందర్భంలోనే. ఆకాశం అందరిదీ, నా పెరట్లో పడింది నాదే అన్నవాళ్ళంతా ధనియుడి చుట్టాలే. స్కై ఆకాశంలోకి పంపిన మాట నిజమే. అయితే కోసి పంపింది. ఇది అడవిలోది కాదు, కొట్లోదని చెప్పడానికే ఆ కోత. శబ్దం కోయలేదు, కాబట్టి శబ్దం వినడంలో దోషం లేదని నా లెక్క.

ఆ నియమం వివరణలోనే సుంకం సంగతి కూడా ఉంది. కనుమలోనో, రేవులోనో, ఊరి వాకిట్లోనో రాజు పెట్టిన సుంకపు చోటుని ఎగ్గొట్టాలనే ఉద్దేశంతో దాటడం ఇవ్వనిది తీసుకోవడమేనంటుంది. మోసుకుపోయే సరుకు మరొకరిది కానక్కర్లేదు. చెల్లించాల్సింది చెల్లించకపోవడమే తీసుకోవడం. వస్తువు పోకపోయినా చోరీ ఎలా అవుతుందన్న చిక్కు ఉపగ్రహాలతో పుట్టింది కాదు.

కానీ జర్మన్ల దగ్గర నాకు ఇంకా కొంచెం బరువు మిగిలే ఉంది. వాళ్ళు సుంకం ఎగ్గొట్టలేదు, వాళ్ళకి సుంకపు చోటే లేదు. చెల్లిస్తామన్నా తీసుకునేవాడు లేనప్పుడు ఎగ్గొట్టే బుద్ధి ఉందనలేం. వ్యాఖ్యాతలు అదత్తాదానానికి, అంటే ఇవ్వనిది తీసుకోవడానికి, ఐదు అంగాలు చెప్పారు. వస్తువు పరులది కావాలి, పరులదని తెలియాలి, దొంగబుద్ధి ఉండాలి, ప్రయత్నం జరగాలి, ఆ ప్రయత్నంతో వస్తువు కదలాలి. జర్మన్ విద్యార్థి విషయంలో మూడోది ఉందని నేను చెప్పలేను. బ్రిటన్‌లో, పక్క వీధిలో కొట్టు ఉండగా, నెలనెలా కట్టే డబ్బు మిగులుతుందని దొంగ కార్డు కొన్నవాడి విషయంలో చెప్పగలను. చేసిన పని ఒకటే, చిప్ ఒకటే, చివరికి కార్డు పలికిన 8 బైట్లూ ఒకటే. అయినా ఇద్దరూ ఒకటి కారు. కోర్టులకి ఈ తేడా పట్టదు, పట్టకూడదు కూడా. మనకి పట్టాలి.

ఆ రోజుల్లో ఇంకో ఉపాయం ఉండేది. డబ్బు కట్టడం మానేసిన కార్డుని చంపడానికి స్కై గాలిలోనే ఆజ్ఞ పంపేది. ఆ ఆజ్ఞ కార్డు చెవిన పడకుండా డీకోడర్లో అడ్డుకునే చిప్‌ని కొందరు తయారుచేశారు. మరికొందరు కార్డు లోపల రాయడానికి కావలసిన వోల్టేజీ అందే బిళ్ళ మీద టేపు అంటించేవారు. తెలివికి జోహారు, అనుమానం లేదు. అయినా నాకు చూడగానే నచ్చనిది ఇదే. జవాబు కనుక్కోవడంలో నేర్చుకోవాలన్న ఆకలి ఉంది. ఆజ్ఞ వినపడకుండా చేసుకోవడంలో, ఇది నీకిక లేదు అని ఇచ్చేవాడు చెబుతుంటే చెవులు మూసుకోవడం ఉంది. ఐదు అంగాల్లో రెండోది, పరులదని తెలియడం, అక్కడ రెండున్నర సెకన్లకోసారి తాజాగా జరుగుతూంటుంది.

ఇక నా పాత కార్డులు. ఇవెవరివి? నాకు దారి చూపింది మళ్ళీ వినయ పిటకమే, ఈసారి శ్మశానం నుంచి. భిక్షువులు పారేసిన గుడ్డలు ఏరుకుని చీవరం కుట్టుకునేవారు, దాన్ని పాంశుకూలమనేవారు. ఒక భిక్షువు శ్మశానంలో అప్పుడే వదిలిన శవం మీద గుడ్డ తీశాడు. దాని మీద మమకారం చావని ప్రేతం, నా గుడ్డ తీసుకోకు అంది. వినకుండా పట్టుకుపోయాడు. శవం లేచి అతని వెనకే నడిచింది. బుద్ధుడు ఆ భిక్షువుకి పారాజిక దోషం లేదన్నాడు, కానీ చెడని శవం మీది గుడ్డ ఇకపై తీసుకోవద్దన్నాడు. వదిలేసిన వస్తువైనా, దాన్ని పట్టుకున్న మనసు ఇంకా ఉందా అని చూడమనడం ఇది. వీడియోక్రిప్ట్ కార్డు విషయంలో నాకు సందేహం లేదు. ప్రసారం ఆగింది, ఆ కార్డుతో ఎవరూ ఎవరికీ ఏదీ అమ్మడం లేదు, దాని లెక్కలు ముప్పై ఏళ్ళ కిందటే బయటపడ్డాయి. అది అడవిలోకి వెళ్ళిపోయిన కలప. ఆ లెక్కని అర్థం చేసుకోవడం, దాన్ని కట్టినవాళ్ళ పనికి నేనిచ్చే గౌరవం. వాళ్ళు ఇరుకు చిప్‌లో ఎంత పొదుపుగా రాశారో నా పిక్‌లోకి మళ్ళీ రాస్తేనే నాకు తెలిసింది.

మేనల్లుడు ఇదంతా ఓపిగ్గా విన్నాడు. తర్వాత హైదరాబాద్ ఇంట్లో వాడకుండా పడి ఉన్న డీటీహెచ్ పెట్టె సంగతి ఎత్తాడు. చందా ఎప్పుడో ఆపేశాడట, కార్డు దాంట్లోనే ఉందట.

“పంపిస్తాను, దీన్నీ చూడు మావయ్యా. డబ్బు కట్టడం మానేశాం కాబట్టి మనదేగా.”

“ఆ కంపెనీ ఇంకా ప్రసారం చేస్తోందా?”

“చేస్తోంది.”

“అయితే వద్దురా. శవం ఇంకా వెచ్చగా ఉంది.”

వాడు నవ్వలేదు. ఆ కార్డు పైన ముద్రించిన వరస సంఖ్య చదవడం కూడా తప్పేనా అని అడిగాడు. వాసన చూడటం లాంటిదే కదా అన్నాడు. సంఖ్య చదవడంలో తప్పు లేదన్నాను, దాన్ని కార్డు పట్టుకున్నవాడికే ఇచ్చారు, పైకి కనపడేలా. లోపలిది వేరు. లోపలిది తెలుసుకోవాలని ఉంటే ముందు నా పాత డబ్బాలో ఒక 07 కార్డు తీసుకుని, రీసెట్ ఇచ్చి, అది ఏమంటుందో వినమన్నాను. మధ్యాహ్నమంతా బల్ల దగ్గరే కూర్చున్నాడు, సాయంత్రానికి 3ఎఫ్ తర్వాతి బైట్లు ఒక్కొక్కటీ ఏం చెబుతున్నాయో కాగితం మీద రాసుకున్నాడు.